బిడ్డ మాట మీద ఆపిన గోలీ

చేతికి పట్టీ చుట్టి చూస్తే నా భార్యకు బీపీ ఎప్పుడూ నార్మలే. అందుకే నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నా మెదక్‌లో ఎవరూ బీపీ అన్న మాట ఎత్తలేదు. రక్తం తక్కువన్నారు. ఖర్జూరం తినమన్నారు, బీట్‌రూట్ తినమన్నారు. మాది గిన్నెల దుకాణం కనుక మా వదిన ఇంకో అడుగు ముందుకేసి, "ఇనుప కడాయిల కూర వండుకొని తినుండ్రి, ఇంట్ల సరుకే గదా" అన్నది. ఇంట్లో కూరలన్నీ నల్లబడ్డాయి. ఆయాసం మాత్రం అట్లాగే ఉంది.

చివరికి హైదరాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకుపోతే, గుండెకు స్కానింగ్ చేసి, ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాల్లో బీపీ ఎక్కువుందన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఒక్క మనిషికి రెండు బీపీలుంటయా సార్?" అని అడిగేశాను. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఆ బీపీ చేతికి కట్టే పట్టీకి అందదట. లోపలి నాళాలు బిగిసి సన్నబడితే, వాటిలోకి రక్తం తోసీ తోసీ గుండె కుడివైపు అలిసిపోతుందట. దానికి మందులు రాశాడు. రక్తపరీక్షలో ఇనుము తక్కువుందని ఇంకో గోలీ కూడా రాశాడు.

మా బిడ్డ హైదరాబాద్‌లోనే ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది. తల్లి జబ్బు తెలిశాక వాళ్ల సార్‌ను బతిమాలి ఈ జబ్బు మీదే పని తీసుకుంది. అప్పటినుంచి నా దుకాణానికి ఎవరొచ్చినా, కుక్కర్ రబ్బరు కోసం వచ్చినా సరే, నా బిడ్డ ఏం చదువుతోందో వినకుండా పోలేదు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయే జనాన్ని కూడా ఆపి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు బస్సుకు టైమైతుందన్నారు.

ఒక ఆదివారం ఇంటికొచ్చినప్పుడు, ఇంతకీ నువ్వు చూసేదేమిటని తల్లి అడిగింది. కూరగాయలు కోస్తూ బిడ్డ చెప్పింది.

"మన ఒంట్ల ఒక్కో కణానికి సన్నటి కొవ్వు పొర ఉంటదమ్మా. కణం లోపట ఇనుము అదుపు తప్పితే ఆ కొవ్వు పాత నూనె లెక్క చెడిపోతది. పొర చినుగుతది, కణం చస్తది. నీ జబ్బుల నాళాలకు గిట్లనే అయితున్నదా, దాన్ని ఆపొచ్చా అని చూస్తున్నం. రాగి ఎక్కువైనా కణం చస్తది, అది ఇంకో తీరు."

ఇనుము, రాగి అమ్ముకొని బతికే ఇంట్లో చెప్పే మాటేనా ఇది? "మన దుకాణం మీదనే కేసు పెడ్తవా ఏందే?" అన్నాను. ముగ్గురం మస్తు నవ్వుకున్నాం.

కొన్ని నెలలకు ఆయాసం మళ్లీ పెరిగింది. ఒక మధ్యాహ్నం అన్నానికి వస్తే, నా భార్య వంటింట్లో గోడకు ఆనుకొని ఊపిరి కోసం కొట్లాడుతోంది. మందులు తెద్దామని చూస్తే ఇనుము గోలీల డబ్బా నిండుగా ఉంది. కడాయి, రాగి బిందె అటకెక్కాయి.

"గోలీ ఎందుకాపినవే? డాక్టర్ చెప్పిండా?" అని గట్టిగానే అడిగాను.

"డాక్టర్ ఎందుకు? నా బిడ్డే చెప్పింది గదా, ఇనుముతోని కణాలు చస్తయని" అన్నది. పక్కింటి వాళ్లకు కూడా అదే చెప్పిందట. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కానీ బిడ్డను అంతగా నమ్మిన మనిషిని ఏమని తిట్టేది?

వెంటనే కారు మాట్లాడి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. పరీక్ష చేస్తే రక్తంలో ఇనుము బాగా పడిపోయిందని తేలింది. ఆయాసానికి అదొక్కటే కారణమని చెప్పలేం గానీ ఆ గోలీ మాత్రం మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. దవాఖానకు వచ్చిన బిడ్డ మాతోపాటే ఇంటికొచ్చింది. తల్లి ముందు కింద కూర్చుంది.

"అమ్మా, మేం చూస్తున్నది ఎలుకలల్ల, ల్యాబ్‌ల పెంచిన కణాలల్ల. కణంల ఇనుము అదుపు తప్పుడు వేరు, రక్తంల ఇనుము తక్కువుండుడు వేరు. నీ రక్తానికి ఇనుము కావాలె. నా మాట మీద డాక్టర్ ఇచ్చిన గోలీ ఆపకు."

"మరి నువ్వు గింత చదివింది?"

"ఇంకా మందు కాలేదమ్మా. అయితదో లేదో గూడ నాకు తెల్వదు."

మా బజారులో తెల్వదన్న మాట ఎవరి నోటా రాదు. ఎంత తెలియకపోతే అంత పెద్ద గొంతు, అందులో నాది మొదటిది. కన్నతల్లి అంత ఆశగా చూస్తుంటే తెల్వదని చెప్పడానికి ఎంత గుండె కావాలి! ఆ క్షణంలో నా బిడ్డను చూసి నాకు కలిగిన గర్వం, ఆమెకు పరిశోధనకు సీటొచ్చిన రోజున కూడా కలగలేదు.

నా భార్య అడిగింది.

"మందైతే, నా దాంక అందుతదా బిడ్డా?"

నేను తల దించుకున్నాను. బిడ్డ మాత్రం తల్లినే చూస్తూ చెప్పింది.

"అందకపోవచ్చమ్మా."

నా భార్య ఇనుము గోలీ నోట్లో వేసుకొని, గ్లాసెడు నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"అట్లయితే నువ్వు జరా జల్ది చెయ్యి. నేను గోలీలేసుకుంట కూసుంట."