రేణుక ముందుగా అడిగిన మాట

2023 ఎండాకాలం. సిద్దిపేటలో మా ఇంటి మీది గదిలో అప్పుడే గ్రీకు క్లాసు మొదలుపెట్టాను. ఇక్కడ గ్రీకేమిటని నవ్వినవాళ్లు లేకపోలేదు. సైప్రస్ దేశంలో ముసలివాళ్లను చూసుకునే పనికి మన వైపు ఆడవాళ్లు కొందరు వెళ్తున్నారు. ఆ ఇళ్లలో మాట్లాడేది గ్రీకే. నేనూ ఏళ్ల తరబడి ఆ పని చేసి వచ్చినదాన్నే. నేను చూసుకున్న ముసలమ్మను యాయా అని పిలిచేదాన్ని, అంటే అవ్వ అని. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడే నాకు భాష నేర్పింది. ఇప్పుడు లేదు.

క్లాసులో ఐదుగురు. నంగునూరు నుంచి బస్సులో వచ్చే రేణుక అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక కూర్చునేది. ఆమె భర్త భివండీలో మగ్గాల పని చేసి, ఊపిరితిత్తులు పాడై ఇంటికి చేరాడు. ఇద్దరు పిల్లలు. ఈ పని దొరికితేనే ఇల్లు గడుస్తుంది. అప్పటికే ఒక వీడియో ఇంటర్వ్యూలో నోరు పెగలక అవకాశం పోగొట్టుకుంది. రెండోది ఆదివారం. అదే ఆఖరిదని ఏజెంటు తేల్చి చెప్పాడు.

నేను గ్రామర్ పుస్తకం ముందేసుకుని కాంజుగేషన్ చెప్తున్నాను. చేసే మనిషిని బట్టి క్రియ చివర మారడం అన్నమాట, మన తింటాను, తింటావు లాగా. ఎంత చెప్పినా వాళ్ల ముఖాలు వడలిన తోటకూర కాడల్లాగే ఉన్నాయి.

"గా ముసలవ్వతోని మొదలు ఏం మాట్లాడాలె అక్కా?" అంది రేణుక. ఆమె నోరు తెరవడమే నాకు వింత.

"నా పేరు ఫలానా, ఇండియా నుంచి వచ్చిన అని చెప్పాలె."

"మనింటికి మనిషొస్తే పేరు తర్వాత గదక్కా. ముందుగాల తిన్నవా అనే అడుగుతం. గది చెప్పున్రి."

"గది జరిగిపోయిన పని. పదో పాఠంల వస్తది, జర ఆగు."

"ఆదివారం దాక పదో పాఠం వస్తదా?"

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వాగలేదు. పుస్తకం మూసేసి చెప్పాను: "ఎఫయెస్?" అంటే, తిన్నావా?

ఆదివారం ఇంటర్వ్యూకు రేణుక నా ఫోన్ ముందే కూర్చుంది. నేను తెరకు కనబడకుండా పక్కన ఉన్నాను. అవతల, రేణుక చూసుకోవాల్సిన ముసలమ్మ కూతురు నెమ్మదిగానే అడిగింది, పేరేమిటని. రేణుక నా వైపు చూసింది. మళ్లీ అడిగింది. రేణుక కొంగు నలుపుతూ కూర్చుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

అంతలో కూతురి వెనక చక్రాల కుర్చీలో ముసలమ్మ కనబడింది. రేణుక ఫోన్ మీదికి వంగి, ఇంటి అరుగు మీద నుంచి పలకరించినట్టే గట్టిగా, "ఎఫయెస్, యాయా?" అంది.

ముసలమ్మ తల తిప్పింది. ఎవరా పిల్ల అంది. ఇక అందుకుంది చూడండి! తిన్నానులే, చారులో ఉప్పు లేదు, ఈ ఇంట్లో ఎవరూ వెయ్యరు, అదీ తిండేనా అని. రేణుకకు అర్థమైంది ఉప్పు అన్న ఒక్క మాటే. అయ్యో అన్నట్టు చెయ్యి తిప్పి నవ్వింది.

కూతురు కళ్లు తుడుచుకుంది. అమ్మ కొత్తవాళ్లతో మాట్లాడి ఎంతకాలమైందో అంది. రేణుకకు పని ఖాయమైంది. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

మొన్న సైప్రస్ నుంచి ఫోన్ చేసింది. "గిప్పుడు ముసలవ్వనే నన్ను అడుగుతుందక్కా, తిన్నవా అని. నేను తినేదాక ముద్ద ముట్టదు."

గ్రామర్‌ను పక్కన పెట్టలేదు, అది లేనిదే భాష నిలవదు. కానీ మనిషి ముందుగా అనాలనుకునే మాటతోనే పాఠం మొదలవ్వాలని రేణుక నాకు నేర్పింది. ఇప్పుడు మొదటి రోజు పాఠం అదే. నేను మెట్లెక్కి గదిలోకి రాగానే క్లాసులో ఆడవాళ్లంతా ఒక్కసారి "ఎఫయెస్?" అని అరుస్తారు. యాయా పోయాక ఆ భాషలో నన్ను మళ్లీ ఆ మాట అడుగుతున్నది వీళ్లే. తిన్నానమ్మా అని చెప్పాకే పుస్తకం తెరుస్తాను.