యెహెజ్కేలు కోతలకు దీనా సీటు

వలసవెళ్లిన దేశంలో, మనురేవా అనే పేటలో, ఒక రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే యెహెజ్కేలు కోతలు మొదలుపెడితే మోటర్‌వే మీద కార్లు సైతం ఆగి వినేవి. కూతురు దీనా చదివింది ఇంటి దగ్గరి గవర్నమెంటు హైస్కూల్లో. ఆ దేశంలో హైస్కూలునూ కాలేజీ అంటారు, పైగా పిల్లలు కోటు వేసుకుంటారు. ఆ రెండూ చూపించి, అది పేరుమోసిన ప్రైవేట్ స్కూలని చర్చి మొత్తాన్నీ నమ్మించాడు.

దీనాకు యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆదివారం చర్చి భోజనాల దగ్గర సంఘపెద్ద ఎలియాస్ పెదవి విరిచాడు.

"మా ఈతన్‌కీ అదే సీటు. ప్రైవేట్‌లో చదివితే రాక చస్తుందా? గవర్నమెంట్ స్కూల్ నుంచి వస్తే, అదీ గొప్ప!"

"నో అంకుల్, నాది గవర్నమెంట్ స్కూలే," అంది దీనా.

"అచ్చం నాన్న పోలికే! కోతల్లో డిస్టింక్షన్!"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. దీనా తండ్రి వైపు చూసింది. యెహెజ్కేలు లేచి నిలబడ్డాడు.

"పిల్ల చెప్పింది నిజం అన్నా. బైబిలు మీద ఒట్టు."

నవ్వు రెట్టింపయింది. ఎలియాస్‌కు పొలమారింది.

ఆ పూట తండ్రి కారు దీనా ఎక్కలేదు. ఇంటిదాకా నడిచే వెళ్లింది.