తవుడుకి కొన్న పాప

మొన్న మనవరాలు కడుపునొప్పి అంటే రబ్బరు సంచి దింపి వేడినీళ్ళు పోశాను. కాగిన రబ్బరు వాసన ముక్కుకి తగిలిందో లేదో, నేను మళ్ళీ విజయనగరంలో, ఒక మిషన్ ఆసుపత్రి చంటిపిల్లల గదిలో నిలబడి ఉన్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఉంచే గది అది. ఇప్పటిలా గాజుపెట్టెలూ, మోగే యంత్రాలూ అప్పుడు మాకు లేవు. కిటికీలు మూసేసి, పిల్లలకు దూది చుట్టి, పక్కల్లో వేడినీళ్ళ సంచులు పెట్టి, డ్రాపరుతో తల్లిపాలు చుక్కచుక్కగా పోసేవాళ్ళం. ఆ గదిని ఏలిన మనిషి సుగుణమ్మ సిస్టరు. పొట్టి మనిషి. పెళ్ళి చేసుకోలేదు. పని చేస్తున్నంతసేపూ చర్చి సంఘంలో పాడే కీర్తన ఏదో ఒకటి గొంతులోనే పాడుకుంటూ ఉండేవారు.

అరవైల చివర నర్సు చదువు పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటూ ఆమదాలవలసలో రైలెక్కాను. మా నాన్న సంఘపెద్ద. ప్లాట్‌ఫారం మీద ఆయన చేసిన ప్రార్థన ఎంత పొడుగైందంటే, బండి కదిలాక ఆమెన్ అన్నాం. విజయనగరంలో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎక్కడ అడిగినా ఖాళీ లేదన్నారు. చివరికి ఈ గదిలో ఖాళీ ఉందన్నారు. ఆ ఉక్కకి తట్టుకోలేక నర్సులు పారిపోయేవారని తర్వాత తెలిసింది. సుగుణమ్మ సిస్టరు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి నా చేతులు పట్టుకున్నారు. "ఏటమ్మా, నూతిలోంచి లేచొచ్చేవా? ఇంత సల్లటి సేతుల్తో ముట్టుకుంటే నా పిల్లలు ఉలిక్కిపడతారు. ఎల్లి వెచ్చబెట్టుకొని రా" అన్నారు. వంటశాల పొయ్యి దగ్గర కాచుకుని వచ్చాను. "నెల్లాళ్ళు సూస్తాను. బాగుంటే ఉంటావు, లేదంటే రైలు ఉన్నాది" అన్నారు. అంతే, ఉద్యోగం దొరికింది.

ఆ నెల సగంలో ఉండగా గజపతినగరం వైపు నుంచి ఒక రైతు కుటుంబం వచ్చింది. ఎనిమిదో నెలలోనే పుట్టిన ఆడపిల్ల, దోసిట్లో ఇమిడేటంత. అంతకు ముందు కాన్పుల్లో పుట్టిన పిల్లలిద్దరూ దక్కలేదట. మూడోరోజు ఆ పిల్ల నాయనమ్మ పైడమ్మ చంకలో చేట పెట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. "మా గుంటని, నా మనవరాలిని ఇచ్చీ. ఊరికి తీసుకెల్లి తవుడుకి అమ్మీసి, మల్లీ తెస్తాను" అంది. మా వైపు అది తెలిసిన ఆచారమే. పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో వేసి, గుప్పెడు తవుడు పుచ్చుకుని బయటివాళ్ళకు అమ్మేసి, పెంపకానికని మళ్ళీ తెచ్చుకుంటారు. ఇంత తవుడు ఖరీదు చేసే పిల్లని చావు కూడా లెక్కచేయదని వాళ్ళ నమ్మకం. మా జిల్లాల్లో ఇంతమంది తవిటయ్యలు, తవిటమ్మలు ఉన్నది అందుకే.

కాని ఆ గది వెచ్చదనం దాటితే పిల్ల ఊరు చేరదు. నేను భక్తిగా పెరిగినదాన్ని, బైబిలు వాక్యం నోటికి వచ్చినదాన్ని. ప్రాణం పోసేది దేవుడే గాని తవుడు కాదని గుమ్మంలోనే చిన్నపాటి ప్రసంగం చేశాను. పైడమ్మ ఓపిగ్గా మొత్తం విని, "అయిపోనాదా? గుంటని ఇలా తే" అంది. కాన్పుల వార్డులోంచి కోడలి ఏడుపు వినిపిస్తోంది. కొడుకు అప్పటికే బండి కట్టిస్తున్నాడు.

సుగుణమ్మ సిస్టరు వచ్చారు. స్టూలు జరిపి పైడమ్మను కూర్చోబెట్టారు. "అప్పా, నీ బెంగేటి? నాకు సెప్పు" అన్నారు. పైడమ్మ అప్పుడు ఏడ్చింది. పోయిన పిల్లలిద్దరినీ తన చేతులతోనే పాతిపెట్టిందట. ముందటిసారి అమ్మకం చేద్దామంటే కొడుకు నవ్వాడట. ఈసారి ఎవరి మాటా విననంది. సిస్టరు అంతా విని, "కొనీవోలు ఎవులై ఉండాల?" అని అడిగారు. "ఎవులైనా పర్లేదు. మా ఇంటోలు కాకూడదు."

"అయితే నాను కొంటాను" అని సిస్టరు నా వైపు తిరిగారు. "ఆసుపత్రి పాలగేదె పాకలోకి ఎల్లి తవుడు అట్టుకురా."

నేను సూదులు పెట్టే కిడ్నీ ట్రేలో తవుడు పట్టుకుని వరండా వెంట నడుస్తుంటే డాక్టరు గారు ఆగి ట్రేలోకి చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చారు. పిల్లలను తూచే తూకం పళ్ళెంలో వెచ్చటి దూది పరిచి సిస్టరు పాపను పడుకోబెట్టారు. "మా సేట ఇదే" అన్నారు. పైడమ్మ తవుడు వేళ్ళతో పరీక్షించింది. "ఇంతేనా?"

"గుంట పెద్దదైతే ఇంకొంచెం ఇద్దును."

"సరే, తీసుకో" అని పైడమ్మ తవుడు కొంగున ముడేసుకుంది. సిస్టరు పాపను మళ్ళీ సంచుల మధ్య పెట్టి, దూది సర్ది, అప్పుడన్నారు: "కొన్నాను గదా, ఇది నా పిల్ల. నా పిల్ల నా గదిలోనే ఉంటాది. కాసింత ఒల్లు వచ్చినాక నీకు పెంపకానికి ఇస్తాను. అందాకా నీ కోడలు పాలు పిండి ఇయ్యాల."

పైడమ్మ ఆచారం ప్రకారం అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. "ఓలమ్మ, ఈ నర్సమ్మ సంతలో గేదెల బేరం సెయ్యాల్సిన మనిసి" అని నవ్వి, కొడుకుతో బండి విప్పేయమంది.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. "విశ్వాసులం మనం ఇలా చేయొచ్చా, సిస్టర్?" అన్నాను. ఆవిడ కీర్తన ఆపి, "పొద్దున్న ఈ పిల్ల కోసం ప్రార్థన సేసేవా?" అన్నారు. చేశానన్నాను. "పిల్ల ఇక్కడే ఉన్నాది గదా. మిగతాది ఆదివారం నాను దేవుడికి సెప్పుకుంటాను. ముందు ఆ సంచుల్లో నీళ్ళు మార్చు. అన్నట్టు, నెలయ్యేదాకా ఆగక్కర్లేదు. ఊరెల్లి నీ పెట్టె తెచ్చీసుకో" అన్నారు.

ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే వేళ, ఆవిడ నిజంగానే సాక్ష్యం చెప్పడానికి లేచారు. "దేవుడు ఈ వారం నాకు కూతుర్ని ఇచ్చేడు" అన్నారు. పెళ్ళికాని మనిషి నోట ఆ మాట విని తలలన్నీ అటు తిరిగాయి. తర్వాత తవుడు సంగతి మొత్తం చెప్పారు. ముందు వరుసలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నారు గాని, ఆయన భార్య అప్పటికే నవ్వేస్తోంది. పాస్టరు గారు "పాప పేరేమిటమ్మా?" అని మాత్రం అడిగారు. "తవిటమ్మ" అన్నారు సిస్టరు. ఆ రోజు మొదలు, తవిటమ్మకు బరువు పెంచమని సంఘమంతా ప్రార్థించింది. చలికాలం వెళ్ళేసరికి బుగ్గలు వచ్చాయి. పైడమ్మ వచ్చినప్పుడు సిస్టరు పాపను ఆమె చేతుల్లో పెట్టి, "నా కూతుర్ని జాగర్తగా పెంచు" అన్నారు. "నీ పెంకితనం రాకుండా సూస్తాన్లే" అంది పైడమ్మ.

తర్వాత అలాంటి గదుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. తాయెత్తులతో, విభూతితో, మొక్కు దారాలతో ఎందరో పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. నేను వాక్యాన్ని తర్వాతకి ఉంచుకున్నాను. ముందు కూర్చోమని, బెంగేమిటని అడిగాను. చాలాసార్లు ఆ తర్వాత చెప్పవలసిన అవసరమే రాలేదు. పేర్లు అడిగి తెలుసుకోకుండా ఎవరికోసమూ ప్రార్థన చేయలేను. అది ఆ ఆదివారం పాస్టరు గారి నుంచి అబ్బిన అలవాటు. రాత్రి మోకరించినప్పుడు ఆ పేర్లలో తవిటమ్మ పేరు ఇప్పటికీ ఉంటుంది. ఆమెకు యాభై దాటి ఉంటుంది, కోడళ్ళ మీద అరుస్తూ ఉండొచ్చు. ఈ వయసులో బరువు పెంచమని అడగడం బాగుండదు కనుక, ఆ ఒక్క మాట మాత్రం మానేశాను.