అంచులు కోసిన పుస్తకం

టెక్కలి మండలాఫీసు గుమస్తా వైకుంఠరావుకి పుస్తకాల పిచ్చి ఉందంటే జనం నమ్మేవారు గాని, ఏ పుస్తకాలో చెబితే నవ్వేవారు. యుద్ధానికి వెళ్లొచ్చిన సిపాయిలు తమ అనుభవాలు రాసి, సొంత ఖర్చుతో అచ్చేసుకున్న పాత పుస్తకాలు. అందులోనూ మొదటి ముద్రణే కావాలి. "రెండో అచ్చుకి ఎవరో మేస్టారు కూకుని బాస దిద్దేత్తాడు. సిపాయి మాట మొదటిదాంట్లోనే ఉంటాది" అనేవాడు. బరంపురం ప్రెస్సుల్లోనూ, బారువ ఇళ్ల అటకల మీదా వెతికి ముప్పై ఏళ్లలో అరవై పోగేశాడు. పెళ్లికి పిలిచినా ముందు ఆ ఇంటి అటక వైపే చూసేవాడు.

చాదస్తం కూడా తక్కువేం కాదు. చిరిగిన పుస్తకం ఇంట్లో ఉంచడు. దొరికిందే తడవు పలాసలో బైండింగ్ చేసే అతనికిచ్చి, కొత్త అట్ట వేయించి, మూడు వైపులా అంచులు కోయించి, పెళ్లికొడుకులా ముస్తాబు చేయాల్సిందే. పెన్సిలు గీతలంటే మరీ మంట. పాత పుస్తకానికి కత్తి తగలకూడదని ఆయనకి చెప్పేవాళ్లు లేకపోయారు.

1998లో అక్కుపల్లి నుంచి బొడ్డమ్మ అనే ముసలమ్మ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె అన్న గున్నయ్య, బారువ రామూర్తితో కలిసి బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. పోయాడని సర్కారు కాగితమైతే వచ్చింది గాని, అందులో తేదీ ఎవరిచేతా చదివించుకోకముందే తుపానులో కొట్టుకుపోయింది. తిరిగొచ్చిన రామూర్తి పుస్తకం అచ్చేశాడు. బొడ్డమ్మ అడిగేసరికి పక్షవాతంతో పడి తేదీ మరిచిపోయాడు, తన పుస్తకంలో రాసుకున్నానని మాత్రం చెప్పి పోయాడు.

"మహాలయ అమాసకి అందరితో పాటు మా అన్నకీ ఓ ముద్ద పెడతన్నాను బాబూ. ఆడికంటూ ఓ రోజు నేదు. ఆ పుస్తకం దొరికితే సూసి సెప్పవా" అంది బొడ్డమ్మ.

మరుసటేడు కార్గిల్ యుద్ధం జరుగుతుండగా పుస్తకం దొరికింది. రామూర్తి సొంత ప్రతి, మొదటి ముద్రణ, సగం చెద. వైకుంఠరావుకి కాళ్లు నేల మీద ఆనలేదు. బొడ్డమ్మ చేతిలో చక్కగా పెట్టాలనుకున్నాడు. అంచుల నిండా పెన్సిలు రాతలు కనిపిస్తే చదవనైనా చదవలేదు. "ఆ గీతలు పోయేలా లోపలికంటా కొయ్యి" అని పలాస బైండింగ్ అతనికి తానే చెప్పాడు.

పుస్తకం తిరిగొచ్చాక గాని చదవలేదు. గున్నయ్య చావు అచ్చులో నాలుగు వాక్యాల్లో ఉంది, తేదీ లేదు. పక్కన పెన్సిలుతో, "మా గున్నయ్య పోయిన రోజు" అని ఉంది. ఆపైన కత్తి దిగిన అంచు. పలాసకి పరిగెత్తాడు. కోసిన ముక్కల్ని జీడిపప్పు డబ్బాల్లో సర్దడానికి ఎవరో పట్టుకుపోయారట.

జరిగింది చెప్పేద్దామనే అక్కుపల్లి వెళ్లాడు. బొడ్డమ్మ చేతులు కడుక్కుని వచ్చి, అన్న పేరు ఎక్కడుందో అడిగి, దాని మీద వేలు పెట్టుకుంది.

"ఏ రోజు బాబూ?"

"కార్తీక బహుళ షష్ఠి" అన్నాడు. అది ఆయన తల్లి పోయిన తిథి. నోటికి ఇంకేదీ రాలేదు. బొడ్డమ్మ పుస్తకాన్ని కళ్లకద్దుకుని ఏడ్చింది. "నీ కాడే బద్రంగా ఉండనీ బాబూ" అని తిరిగిచ్చేసింది.

ఎనిమిదేళ్లు ఆ రోజున తల్లి తద్దినం తమ్ముడికి వదిలేసి అక్కుపల్లి వెళ్లేవాడు. అక్కడ పంతులూ లేడు, మంత్రమూ లేదు. గున్నయ్య పేరున ఓ ఆకు, పక్కన వైకుంఠరావుకి ఓ ఆకు. కొసరి కొసరి వడ్డించేది బొడ్డమ్మ. ఆయన తలెత్తకుండా ఆకు ఖాళీ చేసేవాడు.

2007 వేసవిలో ఆమె పోయింది. కొడుకు ఢిల్లీశ్వరరావు టెక్కలి వచ్చాడు. "మావ తద్దినం ఆపొద్దని అమ్మ ఒట్టేయించుకుంది. ఆ తేదీ ఉన్న కాగితం జిరాక్సు తీసియ్యండి, పటం కట్టించుకుంటాం."

ఇక దాచడానికి లేదు. వైకుంఠరావు పుస్తకం తెచ్చి, ఆ పేజీ తెరిచి, అంతా చెప్పాడు. ఢిల్లీశ్వరరావు నున్నటి అంచు మీద బొటనవేలు రాశాడు.

"నిజం సెప్పినా మా అమ్మ మీకు అన్నం పెట్టేది బాబూ" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ కార్తీకంలో అక్కుపల్లి నుంచి పిలుపు రాలేదు. షష్ఠి నాడు వైకుంఠరావు ఇంట్లోనే తల్లి తద్దినానికి కూర్చున్నాడు. తల్లి ఆకు పక్కన ఇంకో ఆకు వెయ్యమన్నాడు.

"ఎవరి పేరునండీ?" అన్నారు పంతులుగారు.

"గున్నయ్య."

"గోత్రం?"

వైకుంఠరావుకి తెలియదు. ఎనిమిదేళ్లు ఆ ఇంట తిని వచ్చాడు గాని, ఆ సంగతి ఒక్కసారీ అడగలేదు.