గ్రహణం మేడం

వేములపల్లి నుంచి ఫిజిక్స్ మేడం తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కోదాడలో కాలేజీకి బయలుదేరుతున్నాను. "అక్క పోయింది మేడం," అన్నాడు. "పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది. గట్లనే ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేదాంక గూడ ఉండలే." ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

నేను కోదాడకు బదిలీ కాకముందు సూర్యాపేట ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో మేమిద్దరం ఏళ్ల తరబడి ఒకే స్టాఫ్ రూంలో ఉన్నాం. నేను తెలుగు చెప్పేదాన్ని. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "ఏం తెలుగూ, తిన్నవా?" అనేది. క్లాసులు కాగానే పాత లాప్‌టాప్ తెరిచి చుక్కల ముందు కూర్చునేది. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపుల కొలతలను ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడతారట. సూర్యుడికన్నా బాగా చిన్నవైన ఎర్ర నక్షత్రాలను వాటిలోంచి ఏరుకుని, వాటి వెలుగు ఎప్పుడైనా కాస్త తగ్గుతోందా అని చూసేది. "అక్కకు చుక్క పడనిదే పొద్దు గడవదు," అని నేను అందరి ముందూ ఆటపట్టిస్తే, "నాది చిన్న సుక్కనే గద తెలుగూ," అని నవ్వేది.

చిన్న చుక్కలే ఎందుకని పిల్లలు అడిగితే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పెద్ద లైటు ముంగట నుంచి దోమ పోతే ఎర్కయితదా? కాదు. గదే ఎర్ర జీరో బల్బు ముంగట నుంచి పోతే జర మసకయితది. నా సుక్కలు జీరో బల్బులు. ముంగట నుంచి గ్రహం పోతే దొరుకుతది." అంతటితో ఆగేది కాదు. "బల్బు ఎంతున్నదో తెల్వకుంటే దోమ ఎంతున్నదో చెప్పలేం. ముందుగాల సుక్కను అర్సుకోవాలె, దాని మంచిచెడ్డ తెల్సుకోవాలె." ఏ అమ్మాయికైనా మార్కులు తగ్గితే మేమంతా తిట్టేవాళ్లం. ఆమె మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఇంట్లోవాళ్ల సంగతి అడిగేది.

అలా చూస్తూండగా ఒక చుక్క వెలుగు సరిగ్గా కొన్ని రోజులకోసారి తగ్గుతూ కనిపించింది. విదేశీ శాస్త్రవేత్తలకు రాస్తే, గ్రహం కావచ్చు అని వాళ్లు జాబితాలో చేర్చారు. ఆ "కావచ్చు"ను మా ఊరు పట్టించుకోలేదు. పేపర్లో ఫొటో పడింది, ప్రిన్సిపాల్ సన్మానానికి రోజు పెట్టారు. పిల్లలు ముచ్చటపడి గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒక పక్క మేడం, ఇంకో పక్క ఎందుకో శనిగ్రహం, కింద "గ్రహణం కనుగొన్న మా మేడంకు అభినందనలు". నా ప్రాణం ఉసూరుమంది. ఫ్లెక్సీ షాపతనికి ఫోన్ చేసి అరిస్తే, "ఒక్క అచ్చరమే గద మేడం, ఎవరు సూస్తరు?" అన్నాడు. సూర్యాపేట మొత్తం చూసింది. ఆటోవాళ్లు కూడా ఆమెను గ్రహణం మేడం అనడం మొదలుపెట్టారు. విప్పించేద్దామంటే ఆమే ఒప్పుకోలేదు. "పిల్లలు కష్టపడి కట్టిన్రు, ఉండనీ."

సన్మానానికి ముందు ఒక మధ్యాహ్నం వాడిన ముఖంతో లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "సూడు తెలుగూ. ఒకపారి ఎక్కువ తగ్గుతున్నది, ఇంకోపారి తక్కువ. గ్రహమైతే ప్రతిసారి ఒక్క తీరుగ తగ్గాలె." ఎన్ని విధాల సరిచూసినా అదే తేలింది. ఆమె చిన్న చుక్కకు వెనకాల ఎంతో దూరంలో మరో రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి, ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి. ఆ వెలుగు వచ్చి ఇందులో కలిసింది. గ్రహమే లేదు. ఈ సంగతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, చెప్పకపోతే అడిగేవాళ్లూ లేరు. అయినా ఆమె వెళ్లి ప్రిన్సిపాల్‌కు చెప్పింది. "సన్మానం కానియ్యిండ్రి మేడం, తర్వాత నిదానంగ చెప్పొచ్చు," అన్నారు ప్రిన్సిపాల్.

వేదిక మీద శాలువా పట్టుకుని వస్తున్నవాళ్లను చేత్తో ఆపి మైకు తీసుకుంది. "గ్రహం లేదమ్మా. నేను పొరపడ్డ. గాడ ఉన్నయి రెండు సుక్కలు. ఒకదాన్నొకటి కప్పుకుంటున్నయి. దాన్ని ఏమంటరు?"

"గ్రహణం మేడం!" అని ముందు వరసలో ఒక అమ్మాయి అరిచింది.

"మరి గేటు కాడ ఏం రాసున్నది?"

హాలు నవ్వులతో దద్దరిల్లింది. "నాకన్న ముందు ఫ్లెక్సీ అన్నకే తెల్సింది," అంది ఆమె. నేనూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. చేతికి అందిన గౌరవాన్ని అంత తేలిగ్గా తిరిగిచ్చేసిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

సాయంత్రం బస్టాండులో బాధగా లేదా అక్కా అని అడిగాను. "ఎందుకుండదు? దాని మీద వానలు పడ్తయా, గాలి ఎట్లుంటది అని ఎంతో అనుకున్న. ఏడ్సిన గూడ. గని సుక్క ఏడికి పోలే గద. రేపు మల్ల అర్సుకోవాలె." ఆ గ్రహాన్ని తీసేయమని జాబితావాళ్లకు తనే రాసింది. తర్వాత ఆమెకు వేరే గ్రహమేదీ దొరకలేదు. వెతకడం మాత్రం మానలేదు.

మిర్యాలగూడలో బస్సు మారి వేములపల్లి చేరేసరికి మబ్బు పట్టింది. ఇంటి ముందు పాత విద్యార్థులు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. అలవాటు కొద్దీ అక్షరం అక్షరం చదివాను. ఒక్క తప్పూ లేదు. అది ఇంకెవరిదో అన్నట్టు అనిపించింది.

దహనం అయిపోయి అందరం ఇంటికి తిరిగి వచ్చాక చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో ఆరబోసిన వడ్లను తమ్ముడు గబగబా కుప్ప చేసి, పరదా తెచ్చి కప్పాడు. చూస్తే అది ఆ పాత ఫ్లెక్సీ. "అక్కనే ఇచ్చింది మేడం. గట్టిగున్నది, వడ్ల మీద కప్పుకో అన్నది," అన్నాడు, మూలల మీద ఇటుకలు పెడుతూ. దాని మీది ఫొటోలో మేడం ఆకాశంలోకి చూసి నవ్వుతోంది. వాన "గ్రహణం" మీద పడి, వడ్లను తడపకుండా పక్కకు జారిపోతోంది.