కొత్త కెమెరాలో అన్న మొహం

మదనపల్లెలో మాది ఫొటో స్టూడియో. ఫొటోలు తీసేది మా ఆయన. నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తో, ప్రింటు మీద కుంచెతో మొహాల మీది మచ్చలు పూడ్చేది నేను. పెళ్లయిన కొత్తలో ఆ పని ఆయనే నేర్పించినాడు. తొంభైల చివరికి వాల్మీకిపురం నుంచి కూడా పెళ్లివాళ్లు వచ్చి, "ఆయమ్మ చేతనే టచింగు చేపించండప్పా" అని అడిగేవాళ్లు.

రెండువేల ఆరో ఏడో అయి ఉంటుంది. ఊళ్లో కెమెరాలమ్మే తెలిసినాయన ఒక కొత్త డిజిటల్ కెమెరా తెచ్చి మా టేబుల్ మీద పెట్టినాడు. "మరీ పెద్ద రకమూ కాదు, పిల్లలాటదీ కాదు. మధ్యరకం. కుప్పం పెండ్లి ఒప్పుకున్నారంట గదా, ఆడ వాడి సూడండి. నచ్చితే పెట్టుకోండి, లేకుంటే ఎనక్కిచ్చేయండి" అన్నాడు.

మా ఆయన దాన్ని చేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి చూసినాడు. ఇన్నేళ్లూ ఆయన మెడలో వేలాడింది ఇనుప ముద్దలాంటి రీలు కెమెరా.

"ఇదేం మే, టిఫిన్ డబ్బా మాదిరి ఉండాది" అన్నాడు. బొటనవేళ్లతో వీపు నొక్కితే కిర్రుమంది. కార్డు పెట్టే మూత తీసి వేసి, తీసి వేసి, "ఇది ముందర ఇరిగిపోతాది" అని తేల్చేసినాడు. చెయ్యి పట్టు ఒక్కటే బాగుందన్నాడు.

"రీలు యాడ పడతాది?" అని అడిగినాను.

ఆయన లెన్సు ఊడదీసి, ఏదో మీట నొక్కి లోపలి అద్దాన్ని పైకి లేపినాడు. వెనకాల పచ్చగా, నీలంగా మెరుస్తూ చిన్న పలక. తపాలా బిళ్లంత కూడా లేదు. "ఇదే సెన్సారు. ఫొటో పడేది దీనిమీదే."

నాకు నమ్మకం కుదరలేదు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి ఒక ఫొటో తీసి కంప్యూటర్లో పెట్టినాడు. దాన్ని పెద్దది చేసుకుంటా పోయినాడు. పైపెదవి మీది నూగు, ముక్కు పక్కన కడుక్కోగా మిగిలిన పసుపు, కాటుక చెదిరిన చోటు, చెంప మీద ఒక్కో రంధ్రం. నేను కుర్చీలోంచి లేచి నిలబడినాను. నా మొహాన్ని అంత దగ్గరగా నేనే ఎప్పుడూ చూసుకోలేదు. చాతనైతే ఆ తెరకు గుడ్డ కప్పేసి ఉందును.

"మూసేయండి దాన్ని" అన్నాను.

"సెన్సారు మటుకు మంచిదే" అన్నాడు ఆయన.

కుప్పానికి పోయే దారిలో పుంగనూరులో దిగినాము. అక్కడ మా అన్నకు విత్తనాలు, ఎరువుల షాపు ఉంది. వెనకవైపే ఇల్లు. వదిన కాఫీ పెట్టేలోపల మా ఆయన కెమెరా తీసి, అన్నను వరండాలో వెలుతురుకు కూర్చోబెట్టి తీసినాడు. వదినను పక్కన నిలబెట్టి తీసినాడు. లోపల ట్యూబులైటు కింద ఎట్లా వస్తుందో చూడాలని ఇంకోటి తీసినాడు. అన్న వేసుకున్నది నీలం పెట్టి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

"రీలు లేదంటాండావు గదా, ఎన్ని తీసినా ఊరికేనే గదప్పా" అని నవ్వినాడు అన్న. నవ్వుతానే మోచేతులు గోక్కుంటున్నాడు.

"నెల నుంచి ఇదే గోకుడు" అనింది వదిన. "ఎరువుల దుమ్ము ఒంటికి పడడం లేదు. అన్నం కూడా సరిగా తినడం లేదు."

"ఎండలకు అట్లే ఉంటాది లే" అన్నాడు అన్న. నేనూ సరే అనుకున్నాను. ఎదురుగా కూర్చుని కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుని బస్సెక్కినాము.

కుప్పం పెళ్లిలో కెమెరాకు పెద్ద పరీక్షే అయింది. తలంబ్రాల వేళ పూలగంప ఎత్తుకున్నాయన వెనక్కి తిరగబోయి మా ఆయనకు తగిలితే, కెమెరా పోయి మంటపం స్తంభానికి కొట్టుకుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తీసి చూస్తే ఒక గీత, అంతే. మళ్లీ నొక్కితే పలికింది. పసుపు బియ్యం ఎగురుతా ఉంటేనే లెన్సు మార్చుకున్నాడు కూడా.

మదనపల్లెకు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ ముందర కూర్చున్నాము. పెళ్లికూతురి చీర జరీ పోగుపోగూ కనబడుతోంది. చీకటి మూలల్లో మాత్రం గింజల మాదిరి రంగురంగుల చుక్కలు తేలినాయి. "నీడల్లో ఓడిపోతాండాది" అన్నాడు ఆయన. ఆ తర్వాత పుంగనూరు ఫొటోలు తెరిచినాము.

అన్న మొహం తెరనిండా వచ్చింది. కళ్లల్లో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు పచ్చగా ఉంది.

"రంగు తప్పింది. కండ్లు తెల్లగా చేసేయ్" అన్నాడు మా ఆయన. నా పనే కాబట్టి మౌసుతో రెండు కళ్ల చుట్టూ గీసి పసుపు తగ్గించినాను. క్షణంలో కళ్లు పాలలాగా అయిపోయినాయి. చేతికి ఏమీ అనిపించలేదు. అది రోజూ చేసే పనే.

తర్వాతి ఫొటో తెరిస్తే మళ్లీ పచ్చగానే ఉంది. ట్యూబులైటు కింద తీసిందీ అట్లే ఉంది.

"కుప్పంలో లెన్సు మార్చినప్పుడు సెన్సారు మీద పసుపు పడుంటాది" అన్నాడు ఆయన.

"ఇవి పోతా పోతా తీసినవి గదా. కుప్పం ఆ తర్వాతే" అన్నాను.

ఆయన అన్నావదినలను కలిపి తీసిన వరండా ఫొటో మళ్లీ తెరిచినాడు. ఇద్దరమూ తెరలోకే చూసినాము. అన్న చొక్కా తెల్లగా ఉంది. వెనకాల సున్నపు గోడ తెల్లగా ఉంది. పక్కనే వదిన కళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ వరండాలో పచ్చగా ఉన్నవి మా అన్న కళ్లొక్కటే.

మొదటి ఫొటోలో నేను చేసింది వెనక్కి తిప్పమన్నాను. ఆయన నొక్కినాడు. తెల్లటి కళ్లల్లోకి ఆ పసుపు మళ్లీ వచ్చి కూర్చుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మొహం. మొన్న మూరెడు దూరంలో కూర్చుని కాఫీ తాగిన మొహం.

వదినకు ఫోన్ చేసినాను. "వదినా, అన్నను ఎండలోకి పిలిచి కండ్లు సూడు."

"యాల మా?"

"ముందర సూడు."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడయింది. కాసేపటికి తిరిగి వచ్చింది. "పచ్చగా ఉండాయి మా. దినామూ సూస్తా ఉండి, నాకు యాల కనపడలేదు?"

అన్న ఫోన్ లాక్కున్నాడు. "కెమెరా తెచ్చి నాకు కామెర్లు అంటగట్టినావు గదా పాపా" అన్నాడు. నవ్వబోయినాడు గానీ నవ్వు రాలేదు. "సదుం దగ్గర పసరు పోసేవాళ్లు ఉండారు. పోయి తాగొస్తా లే."

మా ఆయన ఫోన్ తీసుకున్నాడు. "పసరు తర్వాత తాగు బావా. ముందర స్కానింగు. నేను వస్తాండాను, షాపు మూసి ఉండు" అని పెట్టేసినాడు.

తిరుపతిలో ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు కూడా మాకు అది మామూలు కామెర్లే అనే ఉంది. డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి, పైత్యరసం పారే గొట్టం చివర చిన్న గడ్డ ఉందన్నాడు. గోకుడు కూడా దానివల్లేనన్నాడు.

"నొప్పి ఏమీ లేదు గద సార్" అని అడిగినాను.

"నొప్పి లేకుండా కళ్లు పచ్చబడటమే చెడ్డదమ్మా. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే తీయడానికి వీలయ్యేది కాదు. ఎవరు గుర్తుపట్టినారు?"

వదిన నా వైపు చూసింది. నేను మా ఆయన వైపు చూసినాను. ఆయన నేలకేసి చూస్తూ, "కెమెరా బాగుందా లేదా అని సూస్తా ఉంటిమి సార్" అన్నాడు. డాక్టరు అర్థం కానట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసినాడు.

ఆపరేషన్ పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటిపోయింది. అన్నను బయటికి తెచ్చినప్పుడు సగం మనిషిలా ఉన్నాడు. చాలా కాలం గంజినీళ్ల మీదే ఉన్నాడు. కళ్లు మాత్రం రోజురోజుకూ పసుపంతా దిగి తెల్లబడుతూ వచ్చినాయి. వేసవి పోయి విత్తనాల అదను వచ్చేసరికి షాపులో కూర్చోగలిగినాడు. డాక్టరు ఇంక భయం లేదని చెప్పడానికి కొన్నేళ్లు పట్టింది.

కెమెరా మేమే పెట్టుకున్నాము. మా ఆయన భయపడినట్టే కార్డు మూత మొదట విరిగింది. రబ్బరు బ్యాండు వేసి చాలా పెళ్లిళ్లు లాగించినాడు.

ఈ మధ్య పుంగనూరు పోయినప్పుడు చూసినాను. పొద్దున్నే వదిన అన్నను వరండాలోకి లాక్కొచ్చి, గడ్డం పట్టి పైకెత్తి, కంటి కింది రెప్ప వేలితో లాగి చూస్తోంది. అది ఆమెకు రోజూ పనే అయిపోయిందంట.

"ఇంకా ఏం కనపడతాండాది మే?" అని విసుక్కుంటున్నాడు అన్న.

"కదలకుండా ఉండు" అనింది వదిన, రెండో కన్ను చూస్తూ.