కొల్లేట్లో సబ్‌మెరైన్ దింపిన మేజర్ గారు

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పేస్తున్నాను. "నీటి కింద తలుపు" అనే సీరియల్ రాసిన మేజర్ వేంగి ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు, ఏ యుద్ధమూ చూడలేదు, అసలు మగవాడే కాదు. ఏలూరులో డిగ్రీ చదువుకుంటూ, చుట్టాలొస్తే వంటింట్లోంచి బయటికి రావడానికే సిగ్గుపడి తలుపు వెనక నిలబడే ఆ రోజుల్లోని నేనే ఆ మేజర్ని.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర పొయ్యి మీద పెట్టి ఫోన్ చూస్తుంటే, పాత వారపత్రికల సీరియళ్ళ గురించి మాట్లాడుకునే గుంపులో ఎవరో ఒక ప్రశ్న పెట్టారు. కొల్లేటి అడుగున వేల ఏళ్ళనాటి తలుపు ఉంటుంది, ఆర్మీవాళ్ళు తాటిదోనెల్లో దాని మీదికి వెళ్తారు, చిన్నప్పుడు చదివాను, పేరు గుర్తులేదు, ఎవరికైనా తెలుసా అని. చూస్తుండగానే కింద అభిప్రాయాలు వరసకట్టాయి. ఒకరు అది ఇంగ్లీషు నుంచి దించిందేనని తేల్చేశారు. ఒకరు ఆ మేజర్ గారు డెహ్రాడూన్‌లో స్థిరపడి అక్కడే పోయారని సంతాపం తెలిపారు. "అందులో సబ్‌మెరైన్ ఉండాలే!" అని ఇంకెవరో నవ్వు బొమ్మలు పెట్టారు. నేను ఫోన్ గుండెకి ఆనించుకుని పెద్దగా నవ్వాను. కూర మాడిపోయింది.

మీలో నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇంటికో టీవీ వచ్చేసినా, అద్దె పుస్తకాల షాపులు ఇంకా కొన ఊపిరితో ఉండేవి. మా పేటలో షాపు నడిపే ఆయన్ని అందరం బాబాయి గారు అనేవాళ్ళం. నేను వెళ్తే చాలు, అడక్కుండానే అత్తాకోడళ్ళ నవల ఒకటి తీసి చేతిలో పెట్టేవారు. దాన్ని పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి, పేజీలు తిప్పుతున్నట్టు నటిస్తూ మగవాళ్ళు చదివే గూటి మీదే చూపంతా పెట్టేదాన్ని. యుద్ధాలు, గూఢచారులు, గ్రహాంతరవాసులు, పాడుబడ్డ కోటలు... అవి తెమ్మని తమ్ముడిని పంపేదాన్ని గానీ నోరు తెరిచి అడిగింది లేదు.

కథ మాత్రం పెదవేగిలో పుట్టింది. సండేస్కూలు పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తుంటే నేనూ వెళ్ళాను. మట్టిదిబ్బ దగ్గర పాత ఇటుకలు చూపించి, ఇది ఒకప్పుడు వేంగి రాజుల రాజధాని అని ఎవరో చెప్పారు. అక్కడి నుంచి పామాయిల్ తోటలోకి వెళ్తే, మిట్టమధ్యాహ్నమే చీకటి. చెట్లన్నీ వరసలు తప్పకుండా, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్న సైనికుల్లా నిలబడి ఉన్నాయి. ఈ ఆకుల కింద టాంకులు దాచేస్తే ఏ విమానానికీ కనపడవు కదా అనిపించింది. ఆ ఊహకి నాకు నిజంగానే ఒళ్ళు జలదరించింది. ఇంటికొచ్చి డైరీ తీసి రోజుసంగతి రాద్దామని కూర్చుంటే, సండేస్కూలు పిల్లలు పోయి కమెండోలు వచ్చారు.

సైన్యం గురించి నాకు తెలిసిందంతా తాతయ్య చెప్పిందే. అమ్మకి నాన్న. తాడేపల్లిగూడెం దగ్గర, ఇంటికో సైనికుడున్న మాధవరం ఆయనది. హవల్దారుగా రిటైరై వచ్చారు. శనివారాలు పాసింజరెక్కి వెళ్తే, నాతో మాత్రం గంటలకొద్దీ మాట్లాడేవారు. నాకు అన్నిటికన్నా నచ్చింది సగం టీ సంగతి. వాళ్ళ సెక్షన్లో గస్తీకి బయల్దేరేముందు ఎవరి మగ్గులో వాళ్ళు సగం టీ వదిలేసి, మూత పెట్టి వెళ్ళేవారట. మిగతా సగం తిరిగొచ్చాక తాగాలన్నమాట. చల్లారిపోయిన ఆ టీ అంత రుచి మళ్ళీ ఎక్కడా చూళ్ళేదనేవారు. నా కమెండోలు కూడా ప్రతి ప్రకరణంలోనూ సగం టీ వదిలే బయల్దేరారు.

కథ వారపత్రికకి పంపేటప్పుడు ఆడపిల్ల పేరు పెడితే యుద్ధం ఎవరు నమ్ముతారని మేజర్ వేంగి అని పెట్టాను. సొంత చిరునామా ఇవ్వడానికి భయం. నాన్న హైస్కూలు మాస్టారు, వారపత్రికలంటే చిరాకు. అందుకని తాతయ్య చిరునామా ఇచ్చాను. మిలిటరీ ఊరు నుంచి మిలిటరీ ఆయన రాస్తున్నాడంటే ఎవరికీ అనుమానం రాదని మహా తెలివిగా అనుకున్నాను. ఏ ఇంట్లో ఏ అబ్బాయి ఏ రెజిమెంటో, ఏ ర్యాంకులో రిటైరయ్యాడో పిల్లల్తో సహా అప్పజెప్పే ఊళ్ళో, లేని మేజర్ని సృష్టించానని ఆ రోజున తట్టలేదు. తాతయ్యతో మాత్రం స్నేహితురాలి నాన్నగారికి ఉత్తరాలొస్తాయి, దాచిపెట్టండి అన్నాను. సరేనమ్మా అన్నారు. అంతే, ఇంకో ప్రశ్న లేదు.

కథ అంగీకరించారు! మొదటి భాగం అచ్చయిన వారం నా కాళ్ళు నేల మీద లేవు. షాపు గుమ్మం దగ్గర అదే అత్తాకోడళ్ళ పుస్తకం పట్టుకుని నిలబడి, నా నవల మీద నా ముందే జనం అభిప్రాయాలు చెప్తుంటే విన్నాను. ఆ ఆనందం ఎలా ఉంటుందో రాయడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు. ఒక బ్యాంకు ఆయన, ఆ తలుపు మీద గుర్తులు నక్షత్రాల పటమేనని పందెం కాశాడు. పాలిటెక్నిక్ కుర్రాళ్ళు అది తలుపు కాదు, ఆయుధమన్నారు. బాబాయి గారైతే, ఈ మేజర్ గారు తప్పకుండా కాశ్మీర్‌లో పనిచేసి ఉంటారండీ, ఆ రాత్రి గస్తీల చలి రాయడం చూస్తే తెలియట్లేదా అని అందరికీ చెప్పేవారు. కాశ్మీర్ కాదు కదా, నేను అప్పటికి విజయవాడ దాటి వెళ్ళలేదు. వారపత్రిక కోసం జనం ఎదురుచూడటం, వచ్చిన రోజు వంతులేసుకోవడం చూసి, నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకునేదాన్ని.

అంతా బావుంది అనుకుంటుండగా సబ్‌మెరైన్ వచ్చింది. కమెండోలు కొల్లేటి అడుగుకి ఎలా చేరాలి? సినిమాల్లో చూసినట్టు ఒక చిన్న సబ్‌మెరైన్‌ని సరస్సులోకి దింపి, పెరిస్కోపు పైకెత్తించి, తరువాయి వచ్చేవారం అన్నాను.

రెండు వారాలు తిరక్కుండా మావయ్య వచ్చారు. మా మేనత్త భర్త. కొల్లేటికోటలో చేపల చెరువుల దగ్గర పని. చేతిలో వారపత్రిక మడతపెట్టుకుని, గుమ్మంలోంచే అరుస్తూ వచ్చారు.

"బావగారూ! నా పేరు అచ్చయిందండోయ్!"

పాఠకుల అభిప్రాయాల పేజీ తీసి, గొంతు సవరించుకుని చదివారు. కొల్లేట్లో సబ్‌మెరైన్ దింపిన మేజర్ గారు ఒక్కసారి మా ఊరు దయచేస్తే, పంచె ఎగ్గట్టుకుని ఆ తలుపు దాకా నడిపించి తీసుకెళ్తామని, దారిలో ఎక్కడైనా నడుము దాటి తడిస్తే కొత్త పంచె పెడతామని అందులో ఉంది. నాన్న జీవితంలో మొదటిసారి వారపత్రిక చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

"ఏమే కోడలు పిల్లా, నవ్వవేంటి? చదువుకున్నదానివి, చెప్పు. నడుం లోతు నీళ్ళలో సబ్‌మెరైన్ ఎట్టా ములుగుద్ది? పడుకోబెడతారా?"

నేను కాఫీ అందించి లోపలికి వచ్చేశాను. గిన్నెల దగ్గర నిలబడితే చెవులు కాలిపోతున్నాయి. పుట్టి బుద్ధెరిగి, పట్టుమని ఇరవై మైళ్ళ దూరం లేని కొల్లేటిని నేను ఒడ్డు నుంచి తప్ప చూడలేదు. దూరం నుంచి నీళ్ళు కనిపిస్తే లోతు కూడా ఉందనుకున్నాను. ఆ శనివారం మాధవరం వెళ్తే తాతయ్య ట్రంకుపెట్టెలోంచి కార్డు తీసి ఇచ్చారు. పత్రికవాళ్ళది. సబ్‌మెరైన్ మీద పాఠకులు గుట్టలుగా రాస్తున్నారని, దీనికి నమ్మదగిన కారణం చూపలేకపోతే కథని ముందే ముగించవలసి వస్తుందని మర్యాదగా రాశారు. తలుపు ఇంకా తెరుచుకోలేదు. తలుపు వెనక ఏముందో ఈ భూమ్మీద తెలిసింది నాకొక్కదానికే. అది చెప్పకుండా ఆగిపోవాలంటే ఏడుపొచ్చింది.

అత్తయ్యని చూడాలనుందని చెప్పి మావయ్యతో బయల్దేరాను. నోరు తెరిచి నాకిది కావాలని అడగడం ఇంట్లో అందరికీ వింతే. ఆయన నన్ను తాటిదోనెలో కూర్చోబెట్టి, తను నిలబడి గెడకర్రతో తోస్తూ సరస్సులోకి తీసుకెళ్ళారు. ప్రభుత్వం చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించడానికి ముందు మాట, ఎటు చూసినా గట్లే. గట్లు దాటాక మాత్రం ఆకాశమంత నీళ్ళు, గుర్రపుడెక్క, దూరంగా పక్షుల కేకలు. నేను చెయ్యి నీళ్ళలో పెట్టి కూర్చున్నాను. మావయ్య తన ఉత్తరం గొప్ప మళ్ళీ మొదలెట్టి, గెడ ఎత్తి బురద తడి ఎక్కడిదాకా ఉందో చూపించారు.

"మా చిన్నతనంలో ఈ గెడ ఇంకా లోపలికి దిగేదే. ఇప్పుడు చూడు, ఏడాదికేడాది పైనే తగులుతుంది. నీళ్ళు తగ్గాయో, అడుగే పైకి లెగుస్తుందో ఆ దేవుడికే తెలవాలి."

దోనె కదలడం ఆగిపోయినట్టు, పక్షులన్నీ నోరు మూసుకున్నట్టు అనిపించింది. అడుగే పైకి లేస్తోంది! కింద ఉన్నదేదో నిద్ర లేచి, వేల ఏళ్ళుగా మీద పేరుకున్న మట్టిని మోసుకుంటూ పైకి వస్తోంది. పాత పటాల్లో లోతుందని నమ్మి కమెండోలు సబ్‌మెరైన్ దింపారు, అది నడుము లోతులో కూరుకుపోయింది, అప్పుడు కదా వాళ్ళని నడిపించే కల్నల్‌కి అర్థమవుతుంది! నేను ఎగిరి నిలబడ్డాను. దోనె ఒరిగి ఇద్దరం నీళ్ళలో పడ్డాం. మావయ్య అన్న మాట నిజమే, నడుము దాకానే వచ్చాయి.

ఆ వారం రాసింది రాసినట్టు పంపాను. బురదలో దిగబడ్డ సబ్‌మెరైన్‌ని వదిలేసి సైనికులు తాటిదోనెలెక్కారు, గెడకర్రలు పట్టారు, ఒక్కో తోపుకీ అడుగు ఇంకాస్త పైకి తగులుతుంటే ముఖాలు చూసుకున్నారు. అది అచ్చయిన రోజు షాపులో బ్యాంకు ఆయనా పాలిటెక్నిక్ కుర్రాళ్ళూ దాదాపు కొట్టుకున్నారు. బాబాయి గారు కుర్చీ మీంచి లేచి చదివి వినిపించారు. మావయ్య ఊరూరా తిరిగి, నా ఉత్తరం చూసి భయపడి మార్చాడండీ మేజరు, అని చెప్పుకున్నారు. అది అక్షరాలా నిజం. పత్రికవాళ్ళు కథ పొడిగించమన్నారు.

మాధవరంలో మాత్రం ఇంకో విచారణ మొదలైంది. ఆ శనివారం వెళ్ళేసరికి తాతయ్య అరుగు మీద రిటైరైన వాళ్ళంతా కూర్చుని ఉన్నారు. మన ఊరి పోస్టులో మేజర్ వేంగి పేర ఉత్తరాలొస్తున్నాయట, మనకి తెలియని మేజర్ ఎవరయ్యా అని నిలదీస్తున్నారు. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తలుపు వెనక బిగుసుకుపోయాను.

"నా ఎరికలోని ఆఫీసరండీ," అన్నారు తాతయ్య తొణక్కుండా. "ఒకచోట ఉండరు, అందుకని ఉత్తరాలు నా దగ్గరుంచమన్నారు. మహా సిగ్గరి మనిషి. పదిమందిలోకి రారు. మీరెవరూ కదిలించకండి."

అందరూ ఆఫీసరంటే గౌరవంగా తలలూపారు. తాతయ్య లోపలికి చూడకుండానే టీ తెమ్మన్నారు. ఆయనకి తెలుసా, లేక నన్ను నమ్మి నా స్నేహితురాలి నాన్న కోసం అబద్ధమాడారా? అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ షాపు స్థానంలో ఇప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. అభిప్రాయం చెప్పడానికి ఎవరూ గుమ్మం దాకా నడిచి రానక్కర్లేదు, ఉత్తరం అచ్చవ్వాలని ఎదురుచూడక్కర్లేదు, చదవడం పూర్తికాకముందే నక్షత్రాలు పెట్టేస్తున్నారు. అందులో తప్పేం లేదు, నేనూ పెడతాను. కానీ ఒక తలుపు వెనక ఏముందో అని ఊరు ఊరంతా వారం రోజులు కలిసి ఊపిరి బిగబట్టడం, ఆ బిగువులో బ్యాంకు ఆయనా చేపల మావయ్యా మా నాన్నా ఒకే బెంచీ మీద కూర్చున్నట్టుండటం నేను మళ్ళీ చూడలేదు. గుంపులో ఆ ప్రశ్న అడిగిన మనిషికి జవాబు రాద్దామని రెండుసార్లు మొదలెట్టి చెరిపేశాను. సిగ్గు వయసుతో పోదని తెలిసింది.

ముగింపు అచ్చవ్వడానికి ముందు శనివారం తాతయ్య నన్ను రైలెక్కించడానికి తాడేపల్లిగూడెం స్టేషన్‌కి వచ్చారు. అప్పటికి కథ ఎక్కడుందంటే, కమెండో చెయ్యి తలుపు మీద ఉంది. ఆ పత్రిక ఊళ్ళోకి రాకముందే తాతయ్య నిద్రలోనే కన్నుమూశారు. ప్లాట్‌ఫాం మీద ఆ శనివారం ఆయన టీ కొనుక్కుని, సగం తాగి, మిగతా సగం గ్లాసు బెంచీ మీద పెట్టి దాని మీద పుస్తకం అట్ట మూతలా కప్పారు. నేను కిటికీలోంచి అది చూస్తూ, ఈసారి చెప్పేద్దాం, ముగింపు కూడా చెప్పేద్దాం అనుకుని నోరు తెరిచాను. పాసింజరు కదిలింది. పుట్టినప్పటి నుంచి నన్ను బుజ్జమ్మా, నువ్వు అని తప్ప పిలవని తాతయ్య మడమలు దగ్గరికి చేర్చి, నిటారుగా నిలబడి, నవ్వుతూ అన్నారు:

"తలుపు తెరుచుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పెయ్యకండి మేజర్ గారూ, పుస్తకం వచ్చాక నేనే చదువుకుంటానండి."